తినే తీరు మారాలంటే: మనసునూ మనుషులనూ లెక్కలోకి తీసుకునే సమగ్ర మార్గదర్శి

ఏం తినాలో తెలియక తినేవాళ్లు తక్కువ. కూరగాయలూ పళ్లూ కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినమనీ, ఉప్పు 5 గ్రాములు దాటనివ్వొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. తీపి తగ్గించాలని ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా పని ముగించుకుని నీరసంగా ఇంట్లో అడుగుపెట్టగానే చెయ్యి నేరుగా తీపి డబ్బా మీదకే పోతుంది. నలుగురితో కూర్చున్నప్పుడు కడుపు నిండిందని తెలిసీ మరోసారి వడ్డించుకుంటాం. తెల్లారాక "నాకు నిగ్రహం లేదు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం.

ఆ తిట్టుతోనే నాకు పేచీ. పెద్దవాళ్ల తిండి అలవాట్లలో నిగ్రహం పాత్ర మనం అనుకునేదానికన్నా చాలా చిన్నది. ఎంత అలసిపోయాం, ఏ దిగులులో ఉన్నాం, పక్కన ఎవరున్నారు, ఎదురుగా ఏముంది, ముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయాం అన్నవాటి పాత్ర పెద్దది. వీటిని వదిలేసి పళ్లెంలో ఉన్నదాన్ని మాత్రమే మార్చబోతే కొద్ది రోజులకే పాత దారి పడతాం. అందుకే ఇక్కడ ఏం తినాలన్న పట్టిక ఇవ్వడం లేదు. తినే వేళ మనల్ని నడిపిస్తున్నదేమిటో పట్టుకోవడం, దాన్ని మార్చుకోవడం ఎలాగో చెబుతాను. అడుగులు వరుసగా వేస్తే మేలు. మొదటిది మాత్రం దాటేయొద్దు.

మొదటి అడుగు: ఒక వారం రాయండి, ఏమీ మార్చకండి

చిన్న పుస్తకమో, ఫోన్‌లో నోట్సో చాలు. కేలరీలు రాయొద్దు, గ్రాములు తూచొద్దు. తినబోయే ముందు ఐదు సంగతులు రాయండి: ఎన్నింటికి, ఎక్కడ, ఎవరితో, ఆకలి సున్నా నుంచి పది దాకా ఎంత, ఆ క్షణంలో మనసు ఎలా ఉంది. చివరిది ఒక్క మాటలో చాలు. తిన్నాక ఏం తిన్నారో పక్కన చేర్చండి.

అలాంటి ఒక పేజీలో ఇలా ఉండొచ్చు: "సాయంత్రం 5:40. ఆఫీసులో నా సీటు దగ్గర. ఎవరూ లేరు. ఆకలి 2. చిరాకు. బిస్కెట్లు ఆరు." దాని కిందే, "రాత్రి 9:30. సోఫాలో, టీవీ ముందు. ఆకలి 8. అలసట. భోజనం రెండుసార్లు పెట్టుకున్నాను." ఈ రెండు వరుసలను కాసేపు చూడండి. మొదటిది ఆకలితో తిన్నది కాదు, చిరాకుతో తిన్నది. రెండోది నిజమైన ఆకలే, కానీ మరీ ఆలస్యమైన ఆకలి. రెండింటికీ ఒకే మందు పనిచేయదు. "తక్కువ తినాలి" అన్న తీర్మానం వల్ల రెండింటిలో ఏదీ బాగుపడదు.

తినే ముందే రాయాలన్నది ముఖ్యం. తిన్నాక రాస్తే అపరాధభావం కలం పట్టుకుంటుంది, ఆకలి 2 అయినా 6 అని రాయిస్తుంది. ఈ పుస్తకం ఎవరికీ చూపించనక్కర్లేదు. వారం తర్వాత చదివితే ఎక్కువమందికి రెండు మూడు సమయాలే పదేపదే కనబడతాయి. రోజంతా మార్చాల్సిన పనిలేదు, ఆ రెండు మూడు సమయాల మీద పనిచేస్తే చాలు.

రెండో అడుగు: ఏది లోపించిందో తేల్చుకోండి

బ్రిటన్ మనస్తత్వవేత్త సుసాన్ మిచీ, ఆమె సహచరులు 2011లో ఒక నమూనా ప్రతిపాదించారు. ఏ పనైనా జరగాలంటే మూడు ఉండాలి: సామర్థ్యం, అవకాశం, ప్రేరణ. అవకాశంలోనూ రెండు రకాలు చెప్పారు, వస్తుపరంగా దొరికేది ఒకటి, చుట్టూ ఉన్న సమాజం ఇచ్చేది ఇంకొకటి. మీ పుస్తకంలోని ఆ రెండు మూడు సమయాలను ఈ ప్రశ్నలతో చూడండి. వండుకోవడం వచ్చా? వండుకునే సమయం, డబ్బు, పొయ్యి, దుకాణం అందుబాటులో ఉన్నాయా? ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా? నిజంగా మీకు కావాలనిపిస్తోందా, లేక ఎవరో చెప్పారని చేస్తున్నారా?

రాత్రి షిఫ్టులు చేసేవాళ్లకు, రెండు ఉద్యోగాల మధ్య పరుగెత్తేవాళ్లకు, నెలాఖరుకు చేతిలో డబ్బు మిగలనివాళ్లకు లోపించింది చాలాసార్లు అవకాశమే. వాళ్లకు ప్రేరణ గురించి ఉపన్యాసం ఇవ్వడం అన్యాయం. మీది అదే పరిస్థితి అయితే, ముందు సమయం, డబ్బు దగ్గర ఒక్క చిన్న సర్దుబాటు వెతకండి. సెలవు రోజున ఒకేసారి ఎక్కువ వండి భాగాలుగా పెట్టుకోవడం, గడ్డకట్టించిన కూరగాయలు వాడుకోవడం లాంటివి. తర్వాతి అడుగుల్లో చెప్పే మనసు సంగతులు అది కుదిరాకే పనికొస్తాయి.

మూడో అడుగు: ఆకలి ఎక్కడినుంచి వస్తోందో విడదీయండి

కడుపులో పుట్టే ఆకలి మెల్లగా పెరుగుతుంది. ఏది పెట్టినా సరే అంటుంది, తింటే చల్లారుతుంది. దిగులు నుంచో ఒత్తిడి నుంచో వచ్చేది ఉన్నట్టుండి వస్తుంది, ఫలానా రుచే కావాలంటుంది, తిన్నాక కూడా ఏదో తక్కువైనట్టే ఉంటుంది. ఈ తేడా ప్రతిసారీ ఇంత స్పష్టంగా ఉండదు. అనుమానం వస్తే, సాదా భోజనం ఏదో ఒకటి తినడానికి ఇప్పుడు సిద్ధమేనా అని మిమ్మల్ని మీరే అడగండి. కాదనిపిస్తే అది కడుపు అడుగుతున్నది కాకపోవచ్చు.

నిద్ర సంగతి చాలామంది లెక్కలోకే తీసుకోరు. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకులను వరుసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకునే వీలిచ్చిన రాత్రులతో పోలిస్తే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోను 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. చిన్న అధ్యయనమే, కానీ నిద్రలేని రోజున తీపి మీదకు మనసు పోతుందన్నది మనలో చాలామందికి ఒంటికి తెలిసిన సంగతే. మీ పుస్తకంలో అదుపు తప్పిన రోజులన్నీ నిద్ర చాలని రోజులే అయితే, తిండి జోలికి పోకుండా ముందు పడుకునే వేళ మార్చండి.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది జ్ఞాపకం. మనస్తత్వవేత్త పాల్ రోజిన్ బృందం 1998లో, తీవ్రమైన మతిమరుపు ఉన్న ఇద్దరు రోగులతో చేసిన పరిశీలన ప్రచురించింది. వాళ్లు మధ్యాహ్న భోజనం పూర్తిచేశారు. పది నుంచి ముప్ఫై నిమిషాల్లోపే మళ్లీ భోజనం తెచ్చి ముందు పెట్టారు. వాళ్లు తిన్నారు. మళ్లీ కాసేపటికి మూడో భోజనం పెడితే, చాలాసార్లు దాన్నీ మొదలుపెట్టారు. కడుపు నిండే ఉంది, తిన్న జ్ఞాపకం లేదు. అంటే "చాలు" అని చెప్పేది కడుపొక్కటే కాదు, ఇప్పుడే తిన్నానన్న జ్ఞాపకం కూడా.

సుజాన్ హిగ్స్ అనే పరిశోధకురాలు మతిమరుపు లేని మామూలు మనుషులతో దీన్ని ముందుకు తీసుకెళ్లారు. ఆ రోజు మధ్యాహ్నం ఏం తిన్నారో గుర్తు తెచ్చుకోమంటే, వాళ్లు తర్వాత చిరుతిళ్లు తక్కువ తిన్నారు. టీవీ చూస్తూ భోజనం చేసినవాళ్లు సాయంత్రం ఎక్కువ తిన్నారు. దీన్నిబట్టి చేయాల్సినవి రెండు. రోజుకు కనీసం ఒక్క భోజనమైనా ఫోనూ టీవీ లేకుండా కూర్చుని తినండి. సాయంత్రం చిరుతిండి దగ్గరకు వెళ్లే ముందు మధ్యాహ్నం ఏం తిన్నారో, ఎలా ఉందో అర నిమిషం గుర్తు చేసుకోండి. ఖర్చు లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు.

నాలుగో అడుగు: నిషేధాలు ఎత్తేయండి

ఈ అడుగు చాలామందికి నచ్చదు. "ఇకమీదట తీపి ముట్టను" అనుకుంటే ఏదో సాధించినట్టు ఉంటుంది. కానీ కఠిన నియమం మనసుతో ఏం చేయిస్తుందో మనకు బాగానే తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ నేతృత్వంలో 36 మంది ఆరోగ్యవంతులైన పురుషులు స్వచ్ఛందంగా 24 వారాలు అరకొర తిండితో గడిపారు. బరువు తగ్గడం ఊహించిందే. మనసుకు జరిగింది మాత్రం భయపెడుతుంది. వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదివారు, పళ్లేలు నాకారు, చిరాకు, నిస్పృహ పెరిగాయి. మళ్లీ తిండి దొరికాక కొందరు ఎంత తిన్నా తృప్తి పడలేకపోయారు.

ఇంత కఠినంగా ఉండక్కర్లేదు, మామూలు డైటింగ్‌లోనూ ఇలాంటిదే కనబడింది. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ విద్యార్థినులకు ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు. డైటింగ్ ఆలోచన లేనివాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. డైటింగ్ చేసేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఎక్కువ తిన్నారు. నియమం ఒకసారి తప్పింది కాబట్టి ఈ రోజుకు ఇక అడ్డేముంది అన్న లెక్క. ఒక్క బిస్కెట్‌తో మొదలై డబ్బా ఖాళీ అయ్యేది ఈ లెక్క వల్లే.

కాబట్టి "తినకూడనివి" అన్న జాబితా ఉంటే చించేయండి. దాని బదులు, రోజూ తినేవి, అప్పుడప్పుడు తినేవి అని రెండుగా చూడండి. అప్పుడప్పుడు తినేదాన్ని కూర్చుని, పళ్లెంలో పెట్టుకుని, నలుగురూ చూసేలా తినండి. దొంగచాటుగా నిలబడి తిన్నది ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. ఎప్పుడైనా మితం తప్పితే తర్వాతి పూట పస్తు ఉండొద్దు, ఎప్పటి భోజనం ఎప్పటిలాగే తినండి. పస్తు మళ్లీ ఆ రాత్రికే అతిగా తినిపిస్తుంది. డయాబెటిస్, కిడ్నీ జబ్బు, అలర్జీ లాంటి కారణాలతో డాక్టరు వద్దన్నవి మాత్రం వేరే సంగతి, వాటిని పాటించాల్సిందే.

ఐదో అడుగు: మనసు అడిగినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోండి

కోరిక ఒక అలలాంటిది, పెరుగుతుంది, శిఖరానికి చేరుతుంది, తగ్గుతుంది. వ్యసనాల చికిత్సలో అలన్ మార్లట్ ఇదే పోలికను వాడుకలోకి తెచ్చారు. కోరికతో కుస్తీ పట్టకుండా, అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనిస్తూ పది నిమిషాలు ఆగండి. ఆగాక కూడా కావాలనిపిస్తే తినండి. ఓడిపోయినట్టు కాదు, ఎంచుకుని తిన్నట్టు.

ఆ పది నిమిషాల్లో ఏం చేయాలన్నది మనసులో ఉన్నదాన్నిబట్టి మారాలి. అందరికీ "నడవండి, నీళ్లు తాగండి" అనే సలహా నాకు సరిపడదు. అలసట అయితే కళ్లు మూసుకుని పడుకోవడమే మందు. చిరాకు అయితే ఆ గది నుంచి బయటికి రావాలి. ఒంటరితనం అయితే ఎవరికైనా ఫోన్ చేయాలి, తిండి గురించి మాట్లాడనక్కర్లేదు. ఏమీ తోచకపోతే చేతులకు పని కావాలి. మీ పుస్తకంలో ఎక్కువసార్లు కనబడ్డ మాట ఏదో చూసి, దానికి మాత్రమే ఒక జవాబు సిద్ధం చేసుకోండి.

తినడంతో బాధ తీర్చుకోవడం తప్పేమీ కాదని కూడా చెప్పాలి. బాధలో ఇష్టమైనది తింటే ఊరట కలుగుతుంది, మనుషులు ఎప్పుడూ చేసిందే. మనకున్న ఊరట అదొక్కటే అయినప్పుడు చిక్కొస్తుంది.

ఆరో అడుగు: పక్కనున్న మనుషుల ప్రభావం చూడండి

ఈ అడుగు దగ్గర ఆగి, వారం రోజులైనా పెట్టండి. ఒంటరిగా చేసే ప్రయత్నం చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది.

జాన్ డి కాస్ట్రో అనే పరిశోధకుడు జనం రాసుకున్న తిండి డైరీలను పరిశీలించారు. కలిసి చేసిన భోజనాలు ఒంటరిగా చేసినవాటికన్నా సగటున 44 శాతం పెద్దవని 1989లో ప్రచురించారు. అంటే కలిసి తినడం చెడ్డదనా? అస్సలు కాదు. తోడు ఉంటే ఎక్కువసేపు కూర్చుంటాం, అందుకే ఎక్కువ తింటాం. ఎదుటివాళ్లు తక్కువ తింటుంటే మనమూ తగ్గిస్తాం, ఎక్కువ తింటుంటే పెంచుతాం, ముఖ్యంగా కొత్తవాళ్ల ముందు. ఈ అనుకరణ తెలియకుండానే జరుగుతుంది, అడిగితే చాలామంది ఒప్పుకోరు కూడా.

స్నేహాల సంగతి ఇంకా పెద్దది. నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ 2007లో 12,067 మంది సంబంధాలను 32 ఏళ్ల సమాచారంతో చూశారు. ఒక వ్యక్తి స్నేహితుడు స్థూలకాయుడైతే, ఆ వ్యక్తీ అలా అయ్యే అవకాశం 57 శాతం ఎక్కువగా కనబడింది. ఒకేలాంటి మనుషులే స్నేహితులవుతారు కాబట్టి ఇందులో ఎంత స్నేహం ప్రభావం, ఎంత సారూప్యం అన్నదానిపై గట్టి వాదన నడిచింది. ఆ అంకెను నేను అక్షర సత్యంగా తీసుకోను. కానీ ఎంత తింటే మామూలు, ఎంత తింటే అతి అన్న కొలత మన చుట్టూ ఉన్నవాళ్ల దగ్గరే నేర్చుకుంటామన్నది కాదనలేం.

ఇప్పుడు చేయాల్సినవి. ముందు ఇంట్లో మాట్లాడండి, అదీ తినే వేళ కాకుండా. "మీరంతా ఇలా తింటే నేనెలా మారాలి" అని మొదలుపెడితే గొడవే. "డబ్బా ఎదురుగా ఉంటే నేను ఆగలేకపోతున్నాను, దాన్ని అల్మరాలో పైన పెడదామా?" అని ఒక్క సాయం అడగండి. ఒకేసారి ఇల్లంతా మారాలని అడిగితే ఒక్కరూ మారరు. వంట చేసేది వేరేవాళ్లయితే, వాళ్ల కష్టాన్ని ముందు గుర్తించండి. వాళ్ల వంట బాగోలేదన్న మాటగా వినబడితే ఇక ఆ సంభాషణ ముగిసినట్టే.

తర్వాత, బలవంతంగా వడ్డించే ప్రేమ. దీనికి వాదన పనికిరాదు, కారణాలూ చెప్పొద్దు. కారణం చెబితే ఎదుటివాళ్లు దాన్ని కొట్టిపారేస్తారు.

"ఇంకొంచెం వేసుకో, ఏం తిన్నావని?"

"చాలా బాగుంది పిన్నీ, కడుపు నిండా తిన్నాను. కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం రా."

పొగడ్త, చాలన్న మాట, వెంటనే వేరే విషయం. మళ్లీ అడిగితే ఇదే మాట మళ్లీ, అంతే నెమ్మదిగా. మూడోసారి అడిగేవాళ్లు అరుదు. వడ్డించే చేతికి కావాల్సింది చాలాసార్లు మన కడుపు కాదు, మన సమయం.

ఆఫీసులో అయితే, అలవాటుగా కలిసి తినే బృందంలో ఒక్కరితో ముందే అనుకోండి. "మనిద్దరం ఈ రోజు కూరగాయలు ఎక్కువున్నది తీసుకుందాం" అని ఒక్కరు తోడుంటే, పదిమందిలో వేరుగా కనబడే ఇబ్బంది సగం తగ్గుతుంది. మిగతావాళ్లను మార్చే ప్రయత్నం చేయొద్దు.

ఇక మీరే ఎవరినైనా మార్చాలనుకుంటుంటే, దయచేసి వాళ్ల ఒళ్లు గురించి ఎగతాళిగానీ హెచ్చరికగానీ చేయొద్దు. అమెరికాలో వేలమంది పెద్దవాళ్లను కొన్నేళ్లు గమనించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, బరువు కారణంగా వివక్ష ఎదుర్కొన్నామన్నవాళ్లు ఆ తర్వాత స్థూలకాయులయ్యే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువగా కనబడింది. అవమానించి ఎవరినీ ఆరోగ్యం వైపు నడిపించలేం. "నీ మంచికే అంటున్నా" అన్నా అంతే.

ఏడో అడుగు: ఎదురుగా ఏముందో సర్దండి

ఇది సులభం, అందుకే తొందరగా చెప్పేస్తాను. పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 20 మందిని ఒక పరిశోధన కేంద్రంలో ఉంచి రెండు వారాలు అతిగా ప్రాసెస్ చేసిన (ఫ్యాక్టరీల్లో తయారయ్యే) తిండి, రెండు వారాలు సాదా తిండి పెట్టి, ఫలితాలను 2019లో ప్రచురించింది. ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలో సమానమే, ఎంత తినాలన్నది వాళ్లిష్టం. ప్రాసెస్ చేసినవి పెట్టినప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగానూ తిన్నారు. కాబట్టి ప్యాకెట్లు కళ్ల ముందు నుంచి తీసి, కడిగి కోసిన పళ్లు, కూరగాయలు ముందుకు తెండి. వడ్డించుకున్నాక గిన్నెలు వంటింట్లోనే ఉంచండి. చిన్న పళ్లెంలో తింటే తక్కువ తింటారన్న ప్రచారాన్ని మాత్రం నమ్ముకోవద్దు. ఆ తరహా పరిశోధనలకు పేరుపడ్డ ఒక అమెరికన్ ప్రయోగశాల పత్రాలను 2018లో శాస్త్ర పత్రికలు ఒకదాని తర్వాత ఒకటి ఉపసంహరించుకున్నాయి.

ఎనిమిదో అడుగు: ఆరోగ్యం పేరు చెప్పకుండా రుచిని పిలవండి

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ భోజనశాలలో అవే కూరగాయలకు రోజుకో రకం పేరు పెట్టి చూశారు, 2017లో ప్రచురించారు. రుచిని ఊరించేలా పేరు పెట్టిన రోజున, మామూలు పేరు ఉన్న రోజుకన్నా 25 శాతం ఎక్కువమంది తీసుకున్నారు. ఫలానాది తక్కువ అని ఆరోగ్యం పేరుతో ఊదరగొట్టిన రోజుతో పోలిస్తే 41 శాతం ఎక్కువ. వంటలో మార్పు లేదు, మాటలోనే. ఇంట్లో "ఒంటికి మంచిది, తిను" అనడం మానేయండి. నిజంగా రుచిగా వండండి. ఉడికించి ఉప్పు లేకుండా పెట్టి, దాన్ని త్యాగంలా తింటే ఆ అలవాటు నిలవదు.

తొమ్మిదో అడుగు: ఒక్కదాన్నే అలవాటు చేయండి

ఇప్పటికి మీ దగ్గర చాలా ఆలోచనలు చేరి ఉంటాయి. ఒక్కటి తీసుకోండి. "ఆరోగ్యంగా తింటాను" లాంటిది పనికిరాదు. "సాయంత్రం కంప్యూటర్ ఆపగానే ఒక పండు తింటాను" అనేది పనికొస్తుంది. ఎప్పుడు, ఏది జరగగానే, ఏం చేస్తాం అని ముందే ముడివేసుకుంటే పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపించాయి.

ఎన్నాళ్లు పడుతుంది? 21 రోజులన్న మాట నమ్మొద్దు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, ఒక పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక్కరోజు తప్పితే పెద్ద నష్టం కనబడలేదు. తప్పిన రోజును వదిలేసి మర్నాడు చేయండి. అది కుదురుకున్నాకే రెండోదాన్ని ముట్టండి.

ఎప్పుడు సాయం తీసుకోవాలి

తక్కువ సమయంలో విపరీతంగా తినడం, ఆపాలన్నా ఆపలేకపోవడం వారానికి ఒకసారైనా, నెలల తరబడి జరుగుతుంటే, తిన్నదాన్ని కావాలని కక్కేస్తుంటే, విరేచనాల మాత్రలు వాడుతుంటే, బరువు పెరుగుతుందన్న భయంతో భోజనాలు మానేస్తుంటే, ఈ మార్గదర్శిని పక్కనపెట్టి డాక్టరును కలవండి. రాసుకోవడం కూడా ఆపేయండి, అలాంటప్పుడు రాత భయాన్ని పెంచవచ్చు. అతిగా తినే రుగ్మతను అమెరికన్ మనోవైద్యుల వర్గీకరణ 2013 నుంచి ప్రత్యేక రుగ్మతగానే గుర్తిస్తోంది, దానికి మాటలతో చేసే చికిత్సలు ఉన్నాయి, పనిచేస్తాయి. వారాల తరబడి దిగులు వదలక తిండి మీద ఆసక్తే పోయినా వెళ్లాల్సిందే.

డాక్టరు దగ్గర మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలామంది ఆగిపోతారు. బరువు గురించి మొదలుపెట్టొద్దు, సంభాషణ అటే పోతుంది. "తినడం నా అదుపులో లేదు, నాలుగు నెలలుగా ఇలా ఉంది, సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి చేతికివ్వండి. డాక్టరు తేలిగ్గా తీసుకుని "తక్కువ తినండి" అని పంపేస్తే, ఇంకొకరి దగ్గరకు వెళ్లండి, ఈసారి నమ్మకమున్న మనిషిని వెంట తీసుకెళ్లండి.